పండా, కూరగాయా? సుంకపు పట్టికలో టమాటా

సరుకును పండించువాడు ఒకడు, అమ్మువాడు మరియొకడు, దానికి సుంకము విధించుటకై పేరు పెట్టువాడు వేరొకడు. ఆదోని, పెద్దకడుబూరు ప్రాంతపు రైతు తన గంపలోనిదానిని టమాటా అనును. ఆదోని మార్కెట్టులోని దళారియు అదే మాట అనును. ఆ టమాటానే పిండి, కాచి, డబ్బాలో నింపి ఓడ ఎక్కించినచో, అవతలి రేవులోని సుంకపు అధికారి దానిని టమాటా అని విడిచిపెట్టడు. ఇది పచ్చి కాయయా, ఎండినదా, రసమా, గుజ్జా, కెచప్పా, సూపా అని అడుగును. ఒక్కొక్క జవాబునకు ఒక్కొక్క సంఖ్య. ఒక్కొక్క సంఖ్యకు ఒక్కొక్క సుంకము. ఇంతటి తరచిచూపు ఏల వచ్చినది? ఎట్లు వచ్చినది? దాని వలన మన రైతునకు కలుగు లాభనష్టము లేమి? ఈ ప్రశ్నల వెంట కొంత దూరము నడచి చూతము.

సరుకులను పేరుపేరున విడదీసి సుంకము నిర్ణయించుట పాశ్చాత్యులు నేర్పిన విద్య యని కొందరు తలంతురు. అది సరి కాదు. ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాము సమీపమున నున్న మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244 లో వేయించిన అభయశాసనము కలదు. అంతకుముందు గాలివానకు ఓడలు పగిలి తీరమునకు కొట్టుకొని వచ్చినప్పుడు, అందలి సరుకునంతయు రాజులు హరించుచుండిరి. ప్రాణములకన్న మిన్నగా చూచుకొను ధనము అట్లు పోగొట్టుకొనుట వర్తకులకు ఎంతటి దుఃఖమో గుర్తించి, న్యాయమైన సుంకము తప్ప మరేమియు తీసికొనమని గణపతిదేవుడు వారికి అభయ మిచ్చెను. ఆ మాటతో శాసనము ముగియలేదు. గంధపుచెక్క, కర్పూరము, ముత్యములు, పన్నీరు, ఏనుగుదంతము, రాగి, సీసము, పట్టు, పగడములు, మిరియములు, పోకలు అని సరుకులను వేరువేరుగ చెప్పి, వానిపై సుంకమును నిర్ణయించెను. వర్తకునకు నిజమైన అభయము ఆ పట్టికలోనే ఉన్నది. ఏ సరుకునకు ఎంత చెల్లించవలెనో ముందుగా తెలిసినప్పుడే వాడు ధైర్యముగ ఓడను రేవునకు తెచ్చును. సుంకము తక్కువయని వట్టి మాట చెప్పినచో చాలదు. ఏ సరుకు ఏ పద్దు క్రిందికి వచ్చునో రాతిపై చెక్కి చూపవలెను.

రాయలసీమలో నౌకారేవులు లేవు గాని సుంకములకు కొదువ లేకుండెను. పూర్వపు సుంకపు లెక్కలలో బండికి ఒక రేటు, ఎద్దు పెరికకు ఒక రేటు, తలమోపునకు ఒక రేటు కనబడును. 1800 లో నిజాము ఈ ప్రాంతములను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. అప్పుడు ఆదోని కంపెనీ పాలన క్రిందికి వచ్చెను. తుంగభద్రకు ఆవలి గట్టున రాయచూరు సీమ నిజాము రాజ్యముగనే నిలిచెను. నేడు మంత్రాలయమున స్నానమునకు దిగు యాత్రికుడు ఆవలి గట్టును చూచి అది వేరొక దేశపు సుంకపు సరిహద్దుగా ఉండెనని ఊహింపజాలడు. 1802 లో కంపెనీకి, నిజామునకు జరిగిన వాణిజ్యపు ఒడంబడికలో సుంకము నూటికి 5 వంతుగా నిర్ణయింపబడెను. హైదరాబాదు రాజ్యమున ఆ శాఖను కరోడ్‌గిరి అనుచుండిరి. ఇవతల మద్రాసు రాజధానిలో ఊరి నుండి ఊరికి సరుకు పోవునపుడు వసూలగుచున్న లోనాటి సుంకములను 1844 లో తొలగించిరి. భారత రాజ్యాంగము వచ్చిన తరువాత హైదరాబాదు సుంకములును క్రమముగా అంతరించెను. అంతటితో ఏటిగట్టున ఉండిన సరిహద్దు సముద్రతీరమునకు పోయినది. ఆదోని నుండి రాయచూరునకు పోవు బండికి ఇప్పుడు ఆ అడ్డు లేదు.

దేశమంతటికి వర్తించు సముద్రసుంకపు చట్టము 1878 లో వచ్చెను. ఏ సరుకునకు ఎంత యను పట్టికను 1894 నాటి చట్టమును, తరువాత 1934 నాటి చట్టమును నిర్ణయించినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1962 లో కస్టమ్సు చట్టము, 1975 లో కస్టమ్సు సుంకముల చట్టము ఏర్పడినవి. నేడు అమలులో నున్నవి ఈ రెండే. మొదటిది సుంకము వసూలు చేయు విధానమును చెప్పును. రెండవది సరుకుల పేర్లను, వాని సంఖ్యలను, రేట్లను చెప్పును.

ఇక టమాటా కథకు వత్తము. ఇది మన నేలలో పుట్టినది కాదు. దక్షిణ అమెరికా దాని పుట్టిల్లు. మెక్సికో దాని పెంపుడిల్లు. టమాటా యను పేరు కూడ మెక్సికో ఆదివాసుల నవాటల్ భాషలోని ‘తొమాత్ల్’ అను మాట నుండి వచ్చినది. పదునారవ శతాబ్దమున స్పెయిన్ దేశీయులు దానిని యూరపునకు తెచ్చిరి. తరువాత ఐరోపావారి వెంట అది మన దేశమునకు చేరెను. మన పెద్దలు దానిని రామములగ యని పిలిచిరి. ఈ పేరులోనే ఒక వర్గీకరణ మున్నది. నేలములక, అనగా వాకుడు, మన పొలముగట్లపై ముండ్లతో పెరుగు మొక్క. ఆకును, పూవును, కాయ కుదురును చూచి మనవారు కొత్తగా వచ్చిన మొక్కను ఆ కుటుంబములోనే చేర్చిరి. శాస్త్రజ్ఞులు చేసినదియు ఇంచుమించు ఇదియే. 1753 లో లినేయస్ అను స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు వంకాయ, బంగాళాదుంప, టమాటాలను మూడింటిని ‘సొలానం’ అను ఒకే ప్రజాతిలో ఉంచెను. మిల్లర్ అను ఆంగ్లేయుడు టమాటాను వేరుచేసి మరియొక ప్రజాతిగా నెలకొల్పెను. ఇటీవలి కాలమున కణముల లోపలి వారసత్వ లక్షణములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు దానిని తిరిగి లినేయస్ పెట్టిన చోటికే చేర్చిరి. రెండు శతాబ్దములకు పైగా పండితులకే తెగని తగవును సుంకపు గుమాస్తా ఒక్క పూటలో తేల్చవలసి యుండును. అందుచేతనే ఈ వివాదము న్యాయస్థానమునకు ఎక్కినది.

1883 లో అమెరికా సంయుక్త రాష్ట్రముల శాసనసభ ఒక సుంకపు చట్టము చేసెను. దాని ప్రకారము విదేశీ కూరగాయలపై విలువలో నూటికి 10 వంతుల సుంకము; పండ్లపై సుంకము లేదు. 1886 వసంతమున న్యూయార్కు వర్తకులైన నిక్స్ కుటుంబమువారు వెస్టిండీసు దీవుల నుండి టమాటాలను దిగుమతి చేసికొనిరి. ఆ రేవు కలెక్టరు ఎడ్వర్డ్ హెడ్డెన్ వానిని కూరగాయలుగ లెక్కగట్టి సుంకము వసూలు చేసెను. వర్తకులు అభ్యంతరము తెలిపి సొమ్ము చెల్లించి, 1887 లో దానిని తిరిగి ఇప్పింపుమని దావా వేసిరి. వారి వాదము సులభముగ అర్థమగును. పూవు నుండి పుట్టి, లోపల గింజలు కలిగినది పండు, టమాటా అట్టిదే, కావున దానికి సుంకము లేదు.

విచారణలో నిఘంటువులు విప్పి పండు, కూరగాయ అను మాటల అర్థములను చదివిరి. ఎదుటి పక్షము న్యాయవాది బఠాణీ, వంకాయ, దోసకాయ, గుమ్మడి, మిరప అను మాటల అర్థములను చదివెను. ఇవియు గింజలు గలవే గదా, వీనిని పండ్లందురా యని ఆయన భావము. దానికి ప్రతిగా వర్తకుల న్యాయవాది బంగాళాదుంప, క్యాబేజి, కేరట్ల అర్థములను చదివెను. చిరకాలముగ పండ్లు, కూరగాయల వ్యాపారము చేయుచున్న ఇద్దరు సాక్షులు వచ్చి, వర్తకములో ఈ మాటలకు నిఘంటువులలోని అర్థము తప్ప వేరొక అర్థము లేదని చెప్పిరి. 1893 మే 10 న అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. వృక్షశాస్త్రము దృష్టిలో టమాటా పండే. అయినను జనులు దానిని కూరతోటలో పెంచుదురు. భోజనములో మాంసముతోను, చేపతోను, సూపుతోను తిందురు. పండ్లవలె భోజనానంతరము తినరు. శాసనము పండితుల కొరకు వ్రాసినది కాదు. జనుల వాడుకయే ప్రమాణము. కావున టమాటా కూరగాయయే యని న్యాయమూర్తి హొరేస్ గ్రే వ్రాసెను. నిక్స్ వర్తకుల సుంకము తిరిగి రాలేదు.

ఈ తీర్పు మన ఇండ్లలోని గృహిణులకు ఆశ్చర్యము కలిగించదు. పప్పులో, చారులో, పచ్చడిలో వేయుదానిని కూరగాయ అనక మరేమందురు? అరటిపండును, మామిడిపండును దేవునికి నివేదించుదుము. టమాటాను ఆ పళ్ళెములో ఉంచము. మన వంటయింటి తీర్పును, వాషింగ్టను న్యాయస్థానపు తీర్పును ఒకటియే.

మన సుప్రీంకోర్టు ముందునకు ఇట్టి ప్రశ్నయే తమలపాకు రూపమున వచ్చెను. అకోలాకు చెందిన తమలపాకుల వర్తకులు, ఆకు కూడ కూరగాయయే కావున అమ్మకపు పన్ను నుండి మినహాయింపు కావలెనని వాదించిరి. 1961 లో న్యాయస్థానము ఆ వాదమును అంగీకరింపలేదు. కూరగాయ యనగా జనవ్యవహారములో పెరటితోటలో పెంచి వంటకు, భోజనమునకు వాడునదే గాని, వృక్షసంబంధమైనదెల్ల కూరగాయ కాదని చెప్పెను. మరుసటి యేడు బీహారు వ్యాజ్యములో చెరకు పచ్చి కూరగాయ కాదని నిర్ణయించెను. 1977 లో పశ్చిమ బెంగాలు వ్యాజ్యములో పచ్చి అల్లమును మాత్రము కూరగాయగా అంగీకరించెను. తమలపాకు కాదు, చెరకు కాదు, అల్లము అవును. ఈ మూడు తీర్పులకు ఆధారము ఒకటే: సంతకు పోవు మనిషి ఆ సరుకును ఏమని అడుగును?

పచ్చి టమాటాకు ఈ కొలత చాలును. యంత్రములు వచ్చి టమాటాను పదిరూపములుగ మార్చిన తరువాత మాత్రము వాడుకమాట ఒక్కటే చాలలేదు. ఒక దేశమున సాస్ అన్నదానిని ఇంకొక దేశమున గుజ్జు అందురు. దేశమునకొక పట్టిక ఉన్నంతకాలము వర్తకునకు తిప్పలు తప్పలేదు. నానాజాతి సమితి కాలమున జెనీవాలో ఉమ్మడి పట్టికకు మొదటి యత్నము జరిగెను. 1950 లో బ్రస్సెల్సు నగరమున మరియొక ఒడంబడిక కుదిరెను. చివరకు 1988 జనవరి 1 నుండి ‘హార్మొనైజ్డ్ సిస్టమ్’ అను సమన్వయ పట్టిక అమలులోనికి వచ్చెను. మన దేశము అంతకు రెండేండ్లు ముందుగనే, 1986 లో, తన సుంకపు పట్టికను ఆ పద్ధతికి మార్చుకొనెను. ఇందు 97 అధ్యాయములు కలవు. వానిలో 77 వ అధ్యాయమును భవిష్యత్తు కొరకు ఖాళీగ ఉంచిరి. మొదటి ఆరు అంకెలు అన్ని దేశములకు ఉమ్మడి. మన దేశము మరి రెండు అంకెలు చేర్చి ఎనిమిది అంకెల సంఖ్యను వాడుచున్నది.

ఇందులో టమాటా ఎక్కడెక్కడ నున్నదో చూడుడు. పచ్చి టమాటా ఏడవ అధ్యాయమున, కూరగాయల నడుమ, 0702 సంఖ్యగల శీర్షికలో ఉన్నది. పండ్లది ఎనిమిదవ అధ్యాయము. అందులో దానికి చోటు లేదు. న్యూయార్కు తగవు ఈ విధముగ ప్రపంచమంతటికి తీరినది. ఎండబెట్టిన కూరగాయలు 0712 లోనివి. వెనిగరుతోగాని, ఎసిటిక్ ఆమ్లముతోగాని నిలువచేసినవి 2001. అట్లు కాక వేరొక విధముగ సిద్ధపరచిన టమాటాలు, అనగా డబ్బాలోని కాయలు, ముక్కలు, గుజ్జు, ముద్ద, 2002. రసము 2009. కెచప్పును, ఇతర టమాటా సాసులును 2103. సూపులు 2104.

ఈ గీతలు గీసినవారు తోచినట్లు గీయలేదు. ఒక ఉదాహరణము చెప్పుదుము. టమాటాలో నూటికి 94, 95 వంతులు నీరే. దానిని పిండిన రసములో ఘనపదార్థము 5, 6 వంతులకు మించదు. ఆ రసమును కాచి నీటిని ఆవిరి చేసినకొలది అది గుజ్జగును. మరింత కాచిన ముద్ద యగును. ఎంతవరకు రసము, ఎక్కడ నుండి గుజ్జు? ఇరువదవ అధ్యాయపు వ్యాఖ్య ఇందుకు ఒక హద్దు ఏర్పరచినది. ఎండు బరువు నూటికి 7 గాని అంతకు మించిగాని ఉన్న టమాటా రసము రసముగ లెక్కకు రాదు. అది 2002 లోనికి పోవలెను. ప్రకృతి ఇచ్చిన రసము ఈ హద్దునకు లోపలనే ఉండును. పొయ్యిపై మరిగినదే దానిని దాటును. కావున సీసాపై ‘రసము’ అని అచ్చువేసినంత మాత్రమున సరిపోదు. ప్రయోగశాలలో బరువు తూచవలెను.

కెచప్పు సంగతి ఇంకను విచిత్రము. అందులో టమాటా గుజ్జుతోబాటు చక్కెర, ఉప్పు, మసాలాలు, వెనిగరు ఉండును. వెనిగరు ఉన్నది గదా యని 2001 లో చేర్చరాదు. కెచప్పును పేరు పెట్టి 2103 లో చెప్పియున్నారు. పేరు పెట్టి చెప్పినది సామాన్యముగ చెప్పినదానికన్న బలమైనది. విదేశములలోని మన తెలుగువారి కొరకు పంపు టమాటా పచ్చడికిని ఇట్టి పరీక్ష తప్పదు. సీసాపై ‘పికిల్’ అని ఉన్నను, నిలువచేసినది వెనిగరా, లేక మనవారు వేయు చింతపండు, నూనె, ఉప్పా అని అధికారి చూచును. ఆవకాయ దేశపు ‘ఊరగాయ’ అను మాటకును, సుంకపు పట్టికలోని మాటకును ఉన్న దూరము అక్కడ తెలియును.

ఇదంతయు గుమాస్తాల సూక్ష్మముగ తోచవచ్చును. దీనిలో బ్రతుకు ఎంత ఇమిడియున్నదో ఆఫ్రికా దేశముల అనుభవము చెప్పును. ఘానా దేశమున 1960 ప్రాంతములలో పాలుగు, వెంచీ, న్సావామ్ అను చోట్ల ప్రభుత్వపు టమాటా కర్మాగారములు వెలసినవి. తరువాతి దశాబ్దములలో అవి మూతపడినవి. విదేశముల నుండి చౌకగ వచ్చు టమాటా ముద్ద డబ్బాలు బజారును ఆక్రమించెను. పొలములో పంట ఉండియు, దానిని కొని కాచు పొయ్యి లేకపోయెను. నైజీరియా 2017 లో వేరొక మార్గము త్రొక్కెను. చిల్లరగ అమ్ముటకు సిద్ధపరచిన టమాటా ముద్ద దిగుమతిని నిషేధించి, కర్మాగారములు తెచ్చుకొను చిక్కని గుజ్జుపై సుంకమును 5 శాతము నుండి 50 శాతమునకు పెంచి, దానిపై టన్నుకు 1,500 డాలర్ల అదనపు పన్ను వేసెను. ఒకే పదార్థము చిన్న డబ్బాలో ఉన్నచో నిషిద్ధము, పెద్ద పీపాలో ఉన్నచో సుంకముతో అనుమతము. ధనిక దేశములును ఈ ఆయుధమును వాడుకొనినవి. 2018 జులై 1 న కెనడా అమెరికా కెచప్పుపై 10 శాతపు అదనపు సుంకము విధించి, మరుసటి యేటి మే నెలలో దానిని ఎత్తివేసెను. అట్లు గురిపెట్టి కొట్టుటకు కెచప్పునకు ప్రత్యేకముగ ఒక సంఖ్య ఉండుటయే వీలు కల్పించెను.

ఇప్పుడు మన సీమకు వత్తము. కర్నూలు జిల్లాలో పత్తికొండ, ఆస్పరి, దేవనకొండ, ఆదోని ప్రాంతములలో టమాటా ముఖ్యమైన పంట. పత్తికొండ మార్కెట్టు పేరు వినని రైతు ఆ ప్రాంతమున లేడు. ధర పడిపోయిన యేట కోత కూలియు, బండి కిరాయియు రాక, రైతులు కాయలను రోడ్డుపై పారబోసిన వార్తలు మనము పలుమార్లు చదివియున్నాము. ధర పెరిగిన యేట పట్టణవాసులు విలపింతురు. 2023 వేసవి తరువాత కిలో ధర అనేక నగరములలో నూరు రూపాయలు దాటగా, ఆగస్టు నెలలో కేంద్ర ప్రభుత్వము నేపాలు నుండి టమాటాలను తెప్పించుచున్నట్లు పార్లమెంటులో ప్రకటించెను. నేపాలుతో మనకున్న ఒడంబడిక ననుసరించి అచ్చటి వ్యవసాయోత్పత్తులు మూలసుంకము లేకయే వచ్చును. సుంకపు అధికారి అడుగు రెండవ ప్రశ్న ఇక్కడ కనబడుచున్నది. ఇది ఏమి సరుకు అనునది మొదటిది. ఏ దేశపుది అనునది రెండవది.

ఒకే సంవత్సరమున పారబోతయు, కరవును చూచుచున్న పంటకు మందు ఏమి? పచ్చి కాయ నిలువ ఉండదు; గుజ్జు ఉండును. ధర లేనినాడు కాయను గుజ్జుగ మార్చు కర్మాగారము దగ్గరలో ఉన్నచో పారబోత తగ్గును. పత్తికొండ ప్రాంతపు రైతుల చిరకాలపు కోరిక ఇదియే. అయితే కర్మాగారము కట్టినంతనే పని ముగియదు. అది చేయు గుజ్జు 2002 వ శీర్షికలోనిది. విదేశపు గుజ్జు అదే శీర్షికలో ఏ సుంకముతో, ఏ ధరకు రేవున దిగునో, దానినిబట్టి ఈ కర్మాగారము రైతునకు ఎంత ఇయ్యగలదో తేలును. 0702 పై సుంకము ఎంత పెంచినను, 2002 తలుపు తెరచియున్నచో పెంచిన ఫలము దక్కదు. కాయ రాక ఆగును; ముద్ద వచ్చును. సాస్ చేయువాడు ముద్దనే కొనును. అట్లని 2002 తలుపు గట్టిగ బిగించినచో, ఇచ్చట పంట చెడిన యేట సాస్ చేయు చిన్న కర్మాగారములు ముడిసరుకు లేక మూతపడును. రైతు, కర్మాగారము, గృహిణి, ముగ్గురి క్షేమమును తూచి ఏ శీర్షికకు ఎంత యని నిర్ణయించుట పాలకుల బాధ్యత. ఆ రేట్లు బడ్జెట్టుతో మారును. శీర్షికల అమరిక మాత్రము అంత తరచుగ మారదు.

అందుచేత రైతుసంఘములును, సహకారసంఘములును విదేశీ టమాటాపై సుంకము వేయుడని కోరునపుడు, ఏ టమాటాపై యని స్పష్టముగ చెప్పుట అవసరము. కాయనా, గుజ్జునా, రసమునా, కెచప్పునా? పేరు సరిగ చెప్పని అర్జీ తప్పు చిరునామా వ్రాసిన ఉత్తరము వంటిది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938 లో నేతపనివారిని ఒక సహకారసంఘముగ కూర్చినపుడు నూలు ధరయు, బట్ట ధరయు, మధ్య దళారి లెక్కయు తెలిసికొనియే నడపిరి. టమాటా పండించువారికిని అట్టి లెక్క ఇప్పుడు కావలసియున్నది. ఆ లెక్కలో రేవులోని పట్టికయు ఒక భాగము.

ఏడువందల యేండ్లకు పైగా గడచినను మోటుపల్లి శాసనము చెప్పిన నీతి చెడలేదు. సుంకము ఉండవచ్చును, ఉండకపోవచ్చును. హెచ్చు కావచ్చును, తగ్గు కావచ్చును. ఏ సరుకునకు ఏది వర్తించునో అందరికి ముందుగా తెలిసియుండవలెను. ఆనాడు గంధపుచెక్కకు, పోకకు వేర్వేరుగ వ్రాసినారు; నేడు కాయకు, గుజ్జునకు, కెచప్పునకు వేర్వేరుగ వ్రాయుచున్నారు. వ్రాతను చదువుకొనిన వర్తకుడు అప్పుడును లాభపడెను, ఇప్పుడును లాభపడుచున్నాడు. పండించు రైతు కూడ దానిని చదువుకొనినచో, తన పంటకు జరుగు న్యాయాన్యాయములను తానే లెక్కగట్టి అడుగగలడు.